కిరాయికి దిగిన దయ్యాల సార్

పెళ్ళికూతురికి కుడికన్ను పూర్తయింది. ఎడమ కంటికి కాటుక గీత తీస్తుంటే ఫోన్ మోగింది. చేతులకు రంగు ఉండడంతో మోచేత్తోనే స్పీకర్ నొక్కాను.

"చెల్లె, సార్ పోయిండు," అంది అక్క, సార్ భార్య. గొంతులో ఏడుపు లేదు. పక్కవీధి కబురు చెబుతున్నట్టు చెప్పింది. "వరండాల కుర్చీల కూసోనున్నడు. చాయ్ చేసి తెచ్చేసరికి తల పక్కకు ఒరిగింది. కునుకు తీస్తుండనుకున్న."

"వస్తున్నానక్కా," అన్నాను.

అద్దంలోంచి పెళ్ళికూతురు నన్నే చూస్తోంది. "మీరు పోండి ఆంటీ. మిగిలింది నేను ఎట్లనో చేసుకుంట," అంది.

నేను వెళ్ళలేదు. ఒక కన్ను పెద్దగా, ఒక కన్ను చిన్నగా ఉన్న పిల్లను పీటల మీదికి పంపిస్తే అందరికంటే ముందు ఆయనే నన్ను కోప్పడి ఉండేవారు. గీత పూర్తిచేశాను. పెదవులకు రంగు వేశాను. జడలో పూలు సరిచేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్బీ నగర్‌లో దిగి, మీర్‌పేట్ ఆటో కోసం నిలబడ్డాక చూసుకుంటే చేతులకు రంగు అలాగే ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఉన్నప్పుడు కూడా పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువే. అందరికీ ఆయన దయ్యాల సార్. దయ్యాల సినిమాలు తీసేవారు కాబట్టి ఆ పేరు. చూస్తే మాత్రం బ్యాంకులో పాస్‌బుక్కు పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషిలా ఉండేవారు. నూనె రాసి దువ్విన జుట్టు, మెడదాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా, కాలర్ మాయకుండా మెడచుట్టూ మడిచిన చేతిరుమాలు. ఎక్కడ పుట్టారో, ఏం చదివారో నేనెప్పుడూ అడగలేదు. నల్లగొండ వైపు మనిషని మాటే చెప్పేది.

మాది గోదావరి జిల్లా. పెళ్ళయ్యాక వనస్థలిపురం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లున్న సందులో బ్యూటీ పార్లర్ పెట్టుకున్నాను. పాత మూడంతస్తుల భవనం. మొదటి అంతస్తులో నేను. రెండో అంతస్తులో ఆయన పెళ్ళి వీడియోల షాపు. ఆ పైన సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు.

ఒక ఉదయం పార్లర్ గుమ్మం బయట చెప్పులు విడిచిన చప్పుడయింది. మగవాళ్ళు లోపలికి రాకూడదని బోర్డు పెట్టాను కదా, ఆయన తెర అవతలే నిలబడి మాట్లాడారు.

"మేడం, జర ఒక మాట అడగొచ్చా? మీరు పెండ్లిపిల్లను తయారు చేస్తరు గదా. దయ్యాన్ని చేస్తరా?"

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. తెర తీసి చూస్తే ఈ మనిషి, చేతులు కట్టుకుని. ఆ మొహంలో ఆటేమీ లేదు.

"దేనికండీ?"

"సినిమాకు. పెండ్లి వీడియోలు తీస్త, గా పైసలతోని దయ్యం సినిమా తీస్త. దయ్యం మేకప్‌కు పెద్దోళ్ళు మస్తు అడుగుతున్నరు."

"రెండింటికీ పౌడర్ ఒకటేనండీ," అన్నాను. "ఒకరికి రక్తం ఉన్నట్టు వెయ్యాలి, ఒకరికి లేనట్టు వెయ్యాలి. అంతే కదా."

ఆయన కాసేపు నన్ను చూసి, "దొరికిండ్రు," అన్నారు. నాతో కాదు, తనతో తనే.

అట్లా మొదలైంది. బూడిద రంగు పౌడర్, టిష్యూ కాగితం, జిగురు, మొక్కజొన్న పిండిలో ఎర్రరంగు కలిపిన రక్తం. ఉదయం పెళ్ళికూతురు, మధ్యాహ్నం దయ్యం, ఒకే పెట్టెలోంచి.

నా పనికి కొలబద్ద ఆయనే. దయ్యం వేసే అమ్మాయిని తయారుచేసి ముందు ఆయన దగ్గరికే పంపేదాన్ని. తనే రాసుకున్న దయ్యం, తనే కుదుర్చుకున్న అమ్మాయి, ఏ చీర కట్టాలో కూడా తనే చెప్పేవారు. అయినా తలుపు తెరుచుకోగానే ఆయన ఒక అడుగు వెనక్కి వేసేవారు. గుండె మీద చెయ్యి పడేది. తర్వాత ఊపిరి పీల్చుకుని "మంచిగుంది" అనేవారు. అడుగు వెనక్కి పడకపోతే నేనే మొహం కడిగించి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. అంత పిరికి మనిషి. లిఫ్ట్‌లో ఒక్కరే ఎక్కేవారు కాదు. ఎవరైనా వచ్చేదాకా కిందే నిలబడి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవారు.

కథ రాసుకుంటే మెట్ల మీద పరీక్షించేవారు. కోచింగ్ పిల్లలు టీ తాగడానికి కిందికి దిగుతుంటే ఆపి చెప్పేవారు. "ఒక ఇల్లు. తలుపు లోపల్నించి గడియ పెట్టున్నది. లోపల ఎవ్వరు లేరు. అయినా గడియ తీసిన సప్పుడైంది. భయమైతుందా?"

ఒక పిల్లవాడు పుస్తకం చంకలోంచి తీయకుండానే, "సార్, నాలుగేండ్ల సంది నోటిఫికేషన్ కోసం చూస్తున్నం. దానికన్న భయమైంది ఏముంటది?" అన్నాడు.

ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. తర్వాతి సినిమాలో దయ్యం ఉద్యోగం రాక ఉరేసుకున్న మనిషి. దయ్యానికి ఒక కష్టం ఉండాలన్నది ఆయన పట్టుదల. "ఎందుకు దయ్యమైందో చెప్పకుంట ఊకె అరిపిస్తే ఎవడింటడు? గది బస్టాండ్ల లొల్లి అయితది," అనేవారు.

మెట్ల మీద గెలిచిన కథ ఇంట్లో రెండో పరీక్షకు వెళ్ళేది. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని చదివేవారు. ఆమె చేతులు ఆగిన చోట పేజీలో టిక్కు పెట్టుకునేవారు. చేతులు ఆగకుండా కాయలన్నీ అయిపోతే ఆ కథ చెత్తబుట్టలోకే.

సినిమా అంటే ఒక ఇల్లు, అయిదుగురు మనుషులు, పన్నెండు రోజులు. అంతకుమించి ఆయన చేతిలో ఉండేది కాదు. అంతా పట్టపగలే తీసేవారు. కిటికీలకు నల్లగుడ్డలు కడితే లోపల అమావాస్య. బయట పక్కింటావిడ ఎండలో వడియాలు పెట్టుకుంటూ ఉండేది. మధ్యాహ్నం దయ్యం పెదవులకు అంటకుండా చెంచాతో పెరుగన్నం తినేది. సాయంత్రం ఆరింటికి ప్యాకప్. దయ్యం వేసే అమ్మాయికి ఇంట్లో చిన్నపిల్లలున్నారు, సూర్యుడు దిగేలోపల ఇంటికి చేర్చాలి.

ఒక నియమం మాత్రం ఆయన ఎప్పుడూ తప్పనివ్వలేదు. మేకప్‌తో ఉన్న దయ్యం వరండాలోకి రావాలన్నా, బాత్రూమ్‌కు వెళ్ళాలన్నా తనే పెద్ద తువ్వాలు పట్టుకుని మొహానికి అడ్డం నడిచేవారు. "టికెట్ కొన్నోళ్ళనే భయపెట్టాలె. కొననోళ్ళను భయపెడితే పాపం తల్గుతది," అనేవారు. యూనిట్‌వాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను.

సినిమా విడుదలైన రోజు హాల్లో ఆయన తెర వైపు చూసేవారు కాదు. తెర పక్కనున్న తలుపు దగ్గర, తెరకు వీపు పెట్టి, జనం మొహాలు చూస్తూ నిలబడేవారు. ఒకసారి నేనూ పక్కన నిలబడ్డాను. వారం రోజులాడి ఫోన్లలోకి వెళ్ళిపోయే సినిమా. హాల్లో నలభై మంది ఉంటారేమో. తెర మీద తలుపు కిర్రుమంది. నలభై మొహాలూ ఒక్కసారే ఉలిక్కిపడ్డాయి. ఆ తర్వాత అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆయన నా చెవిలో, "చూసినవా చెల్లె, భయపడ్డంక ఎంత మంచిగ నవ్వుతరో," అన్నారు. మేడం అనడం మానేసి చెల్లె అనడం ఆ రోజే మొదలు.

నాలుగో సినిమాకు మీర్‌పేట్‌లో ఇల్లు దొరికింది. ఇంటామె మరియమ్మ. ఒక ప్రైవేటు బడిలో ఆయా. భర్త మేస్త్రీ. ఊళ్ళో అందరి ఇళ్ళూ కట్టి, చివరికి సెలవు రోజుల్లో తన ఇల్లు తనే కట్టుకున్నాడట. కట్టి రెండేళ్ళు కూడా ఉండకుండా జబ్బుచేసి దవాఖానలో పోయాడు. పైన రెండు గదుల్లో మరియమ్మా, ఇంటర్ చదివే కూతురూ. కింది భాగం కిరాయికిచ్చుకుంటేనే ఇల్లు గడిచేది. పాత కిరాయిదార్లు ఖాళీచేసి కొత్తవాళ్ళు ఇంకా రాని సమయం, మాకు పన్నెండు రోజులకిచ్చింది.

ఏడో రోజు మధ్యాహ్నం సీను మధ్యలో ఏడుపు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. సౌండ్ చూసే అతను చెయ్యెత్తాడు. అందరం పైకి చూశాం. పైన మరియమ్మ ఏడుస్తోంది. భర్త పోయి ఆ రోజుకు ఏడాది అని ఆమె కూతురు మెట్ల దగ్గర నిలబడి చెప్పింది. ఆయన లైట్లు ఆపించారు. అరగంటసేపు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఆ ఏడుపు ఆగాకే మళ్ళీ మొదలుపెట్టాం.

ఆయన చేసిన మంచి చెప్పాను. చెడు కూడా చెప్పాలి.

విడుదలకు పది రోజుల ముందు ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు షాపుకు వచ్చారు. ఆయన కూర్చున్నారు, పక్కన నేను. మైకు పట్టుకున్న అతనికి మా సినిమా మీద పెద్ద ఆసక్తి లేదు. మధ్యలో ఆవులించాడు కూడా. చివర్లో, "షూటింగ్‌లో నిజంగ ఏమన్న జరిగిందా సార్? ఏమన్న అయితే చెప్పుర్రి, జనం చూస్తరు," అన్నాడు.

ఆయన చేతిరుమాలు సర్దుకున్నారు. ఒక్క క్షణం నా వైపు చూశారు.

"జరిగింది," అన్నారు. "ఖాళీ ఇంట్ల ఎవరో ఏడ్సినట్టు వినబడ్డది. ఒకసారి బల్బు దానంతటదే పలిగింది."

మైకు అతను నిటారుగా కూర్చున్నాడు. నా వైపు తిప్పి, "మేడం, మీరు గూడ విన్నరా?" అన్నాడు.

విన్నాను అన్నాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. ఎవరు ఏడ్చారో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ వీడియో మా సినిమాలన్నిటికంటే ఎక్కువమంది చూశారు. మరో నాలుగు ఛానళ్ళు మీర్‌పేట్ వెళ్ళి గేటు బయటి నుంచి ఇంటిని తీశాయి. సినిమా మూడు వారాలాడింది. మెట్ల మీద కోచింగ్ పిల్లలు ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆయన లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా గబగబా మెట్లెక్కిపోయేవారు.

మూడు నెలల తర్వాత మరియమ్మ వచ్చింది. ఆయన షాపు మూసి ఉండడంతో నా పార్లర్‌లో కూర్చోబెట్టాను. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఆయా చీరలోనే ఉంది. ఆయన రాగానే లేచి నిలబడింది.

"కూసోమ్మా," అన్నారు ఆయన.

"కూసునేటందుకు రాలే సార్. ఒక్క మాట అడిగి పోదామని ఒచ్చిన." ఆమె గొంతు పెంచలేదు. "నా ఇల్లు చూడనీకి ఒచ్చినోళ్ళు గేటు కాడనే ఫోన్ల మీ వీడియో చూసుకొని మర్లి పోతున్నరు. మూడు నెల్లాయె, ఒక్కలు దిగలే. గది గూడ నేను ఓర్సుకుంట. నాకు గా ఒక్క మాటే సమజైతలేదు."

"ఏం మాట?"

"ఏడ్సింది నేనే గద సార్. మీకెరుకే గద. మీరు లైట్లు బంద్ చేయించిండ్రంట, నా బిడ్డ చెప్పింది. మంచోళ్ళు అనుకున్న."

ఆయన మెడచుట్టూ ఉన్న చేతిరుమాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"గా ఇంటోళ్ళల్ల సచ్చిపోయింది నా పెనిమిటొక్కడే. ఇంట్ల దయ్యముందంటే అది ఎవరు సార్? గల్లీల పోరగాండ్లు నా బిడ్డను 'మీ నాయిన రాత్రి ఒచ్చిండా' అని అడుగుతున్నరు. ఒక్కొక్క ఇటుక నీళ్ళల్ల నానబెట్టి కట్టిండు సార్ ఆయన. ఆయన్ని దయ్యాన్ని చేసిండ్రు మీరు."

ఆయన జేబులోకి చెయ్యి పోనిచ్చారు. ఆమె వెంటనే చూసి తల అడ్డంగా ఊపింది. "పైసలొద్దు. మీరు పెట్టిపోయిన దయ్యాన్ని మీరే తీస్కపోండ్రి."

ఆమె వెళ్ళాక ఆయన నా పార్లర్ మెట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. లోపల నేను ఎవరికో కనుబొమలు తీస్తున్నాను. దారం తెగిపోతూనే ఉంది. ఆ అబద్ధంలో సగం నాది.

మర్నాడే ఆయన ఒక వీడియో పెట్టారు. కెమెరా ముందు చేతులు కట్టుకుని, నేను చెప్పింది అబద్ధం, ఆ ఇంట్ల ఏ దయ్యం లేదు, ఏడ్చింది ఒక మనిషి, నన్ను క్షమించండి అన్నారు. చూసినవాళ్ళు కొంతమందే. వాళ్ళలోనూ సగం మంది కింద రాసింది ఒకటే: దయ్యం బెదిరించి చెప్పిస్తోంది. మిగతా సగం: రెండో భాగానికి ప్రచారం మొదలుపెట్టాడు.

పాస్టర్‌తో ప్రార్థన పెట్టిద్దామా అని ఆయన మరియమ్మకు ఫోన్ చేసి అడిగారు. "ప్రార్థన పెట్టిస్తే ఉన్నదనే అంటరు సార్," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ వారంలోనే ఆయనకు ఇంకో ఫోన్ వచ్చింది. పెద్ద కంపెనీ. రెండో భాగం తీద్దామన్నారు. అదే ఇల్లు, అదే దయ్యం, ఈసారి పేరున్న హీరోయిన్. క్షమాపణ వీడియో తీసేయాలి, ఇంటి గురించి ఇంకేమీ మాట్లాడకూడదు, జనం అనుకునేది అనుకోనివ్వాలి. ఇవీ షరతులు. ఈ సంగతి ఆయనే మెట్ల మీద నిలబెట్టి నాకు చెప్పారు.

"ఇరవై ఏండ్ల సంది గీ ఫోన్ కోసమే చూస్తున్న చెల్లె."

"మరి ఏమన్నారు సార్?"

"ఇల్లు ఖాళీగ లేదని చెప్పిన."

"ఖాళీగా లేదా? ఎవరు దిగారు?"

"నేనే," అన్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళకు సొంత ఫ్లాట్ ఉంది. అది అద్దెకిచ్చి, మీర్‌పేట్‌లో మరియమ్మ ఇంట్లో కిరాయికి దిగారు. సామాను సర్దడానికి నేనూ వెళ్ళాను. ఇంత పిరికి మనిషి ఆ ఇంట్లో ఎలా ఉంటారని అక్కతో అన్నాను. ఆమె గిన్నెలు పాత పేపర్లలో చుడుతూ, "ఇరవై ఏండ్ల సంది దయ్యాలతోనే కాపురం చేస్తున్న. గీడ కొత్తేముంది?" అంది. తర్వాత మెల్లగా, "నన్ను గాదు, ఆయన్నే చూసుకోవాలె," అంది.

మొదటి నెల మరియమ్మ కిరాయి తీసుకోలేదు. మీరొచ్చుడే చాలు సార్ అంది. ఆయన ఒప్పుకోలేదు. "తీస్కోకుంటే నేను చుట్టమైత. చుట్టాలు ఉంటే ఎవనికి ధైర్యమొస్తది? నీకు కావాల్సింది కిరాయిదారు," అన్నారు.

ఆ ఇంట్లో ఆయన చేసిందల్లా కనబడడమే. పొద్దునా సాయంత్రం గేటు బార్లా తెరిచి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పాలవాడికీ, బడికి వెళ్ళే పిల్లలకూ, కూరగాయల బండామెకూ అందరికీ తనే ముందు నమస్తే పెట్టేవారు. మొదట్లో కొందరు ఇంటిముందు అడుగు వేగం పెంచి పోయేవాళ్ళు. కొందరు మాత్రం, దయ్యాల సినిమాలు తీసి తీసి దయ్యాలే తెచ్చుకున్నాడని నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళంటే ఆయనకు ఇష్టం. నవ్వినవాడు రేపు ఆగుతాడు అనేవారు.

ఆరు నెలలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం నా పెట్టె పట్టుకుని రమ్మన్నారు. వెళ్ళేసరికి వరండాలో చాప పరిచి ఉంది. కాలనీ పిల్లలు, తల్లులు, ఇద్దరు ముసలమ్మలు గేటు లోపల, మరికొందరు గేటు బయట. ఆయన కుర్చీలో కూర్చుని, "చెల్లె, నన్ను దయ్యాన్ని చెయ్యి. మెల్లగ చెయ్యి. అందరికి కనబడాలె," అన్నారు.

నేను చేశాను. టిష్యూ కాగితం అంటించినప్పుడు ఏమిటని అడిగితే చెప్పాను. రక్తం గిన్నెలో ముసలమ్మ వేలు పెట్టి నాకి, చప్పగుంది అంది. సగం మొహం అయ్యేసరికి ఆయన పెదవులు కదిపి అరవడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. వెంటనే నవ్వారు. వెనక మెట్ల మీద మరియమ్మ కూతురు నిలబడి చూస్తోంది. అప్పుడు నేను తడిగుడ్డతో రంగంతా తుడిచేశాను. కిందినుంచి మళ్ళీ ఆ పాస్‌బుక్కు మొహమే వచ్చింది.

ఒక పాప ముందుకొచ్చి అడిగింది. "మరి అసలు దయ్యం ఏడున్నది అంకుల్?"

"నేను చూడలే బిడ్డా. ఇరవై ఏండ్లు దేవులాడిన. ఒక్కటి దొరికినా గింత పౌడర్ ఎందుకు పూసుకుందును? దాన్నే సినిమాల పెట్టుకుందును గద."

ఎవరో అదంతా ఫోన్‌లో తీశారు. ఈసారి ఆ వీడియో బాగా తిరిగింది. దాంతో ఆయన వ్యాపారం ముగిసింది. దయ్యాల సినిమా నిర్మాతే దయ్యం అంతా పౌడరని చెప్పాడని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. కొత్త కథ పట్టుకుని వెళితే, మీ పేరు చూస్తే జనం నవ్వుతారండీ, ఇంకెవరి పేరైనా వేద్దాం అన్నారట. ఆయన వేరే పేరుతో తియ్యలేదు. పెళ్ళిళ్ళు, హాఫ్ శారీ ఫంక్షన్లు తీసుకుంటూ ఉండిపోయారు. దాని గురించి ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు. బాధపడలేదని మాత్రం అనను. మా సందులోంచి వెళుతూ కొత్త దయ్యం సినిమా పోస్టర్ కనిపిస్తే ఆగి, మేకప్ చూసి, "బూడిద ఎక్కువైంది," అని వెళ్ళిపోయేవారు.

రెండేళ్ళ క్రితం ఒకసారి మీర్‌పేట్ వెళ్ళాను. అక్క చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఒక కథ ఉంది. ఇంటవా?" అన్నారు. పట్టపగలు, ఎదురుగా పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఆయన మెల్లగా చెప్పుకుంటూ పోయారు. ఒక బావి, ఒక గొంతు, పిలిచినప్పుడల్లా ఒక మెట్టు దిగే మనిషి. అయిపోయేసరికి నా చాయ్ మీద మీగడ కట్టింది.

"భయమైందా?"

"అయింది సార్. చేతులు చూడండి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి."

ఆయన నా చేతుల వంక చూసి, చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఆ కథ ఎవరికీ ఇవ్వలేదు. సాయంత్రం నన్ను ఆటో దాకా దింపుతూ కూడా మురుస్తూనే ఉన్నారు.

ఆ ఇంట్లో ఆయన ఏడేళ్ళున్నారు. మరియమ్మ కూతురు నర్సింగ్ చదివి ఉద్యోగంలో చేరింది. ఇక వచ్చేయొచ్చు కదా సార్ అని నేను ఒకటి రెండుసార్లు అన్నాను. వచ్చే ఎండాకాలం అనేవారు. ఎండాకాలాలు పోతూనే ఉన్నాయి.

ఆ రోజు ఆటో దిగి వెళ్ళేసరికి వరండాలోనే పడుకోబెట్టారు. గల్లీ నిండా జనం. కూరగాయల బండామె బండి పక్కకు పెట్టి గోడకానుకుని ఏడుస్తోంది. మరియమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. అక్క నన్ను దగ్గరికి పిలిచి, "మొకం జర మంచిగ చెయ్యి చెల్లె," అంది. నీళ్ళతో తుడిచి, తల దువ్వాను. పౌడర్ వెయ్యలేదు.

ఇంటికి తిరిగి వస్తుంటే ఒక ఆలోచన పట్టుకుంది. అప్పుడు ఆ ఇంట్లో ఎవరూ చనిపోలేదు, దవాఖానలో పోయిన మనిషిని తీసుకొచ్చి అక్కడ దయ్యంగా నిలబెట్టాం. ఇప్పుడు నిజంగానే ఒక మనిషి ఆ వరండాలో పోయాడు. అదీ దయ్యాల సార్. ఏడేళ్ళు ఆయన కూర్చుని సంపాదించినదంతా ఆ చావుతో పోతుందేమోనని భయం వేసింది. మరియమ్మకూ అదే భయం ఉన్నట్టుంది. దినాలయ్యాక అక్క వనస్థలిపురంలోనే ఉండే తన సొంత చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతే, ఇల్లు ఖాళీ అయిందని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

నిన్న వెళ్ళి చూద్దును కదా, వరండాలో చిన్నపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. చంకలో బిడ్డతో ఒక అమ్మాయి బయటికి వచ్చింది. అదే గల్లీ చివర రేకుల ఇంట్లో ఉండేవాళ్ళట. వాళ్ళే మరియమ్మను అడిగి, వారం కిందటే దిగారట. నేను ఆగలేక అడిగేశాను.

"ఇక్కడ వరండాలో ఒక పెద్దాయన పోయారు. మీకు చెప్పారా అమ్మా?"

"మాకెర్కలేకేంది అక్కా, మోసినోళ్ళల్ల మా ఆయన గూడ ఉండె," అంది.

"మరి భయం వెయ్యదూ?"

ఆ అమ్మాయి బిడ్డను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుంది.

"ఉంటే ఉండనీ అక్కా," అంది. "మంచోడే గద."